రావలసిన బాకీ: ఆగస్ట్ విల్సన్ జీవితం, పది నాటకాలు

అమెరికన్ నాటకకర్త ఆగస్ట్ విల్సన్ రాసిన పది ప్రధాన నాటకాలను వరసగా చదివినవారికి ఒక సంగతి తట్టకుండా ఉండదు. దాదాపు ప్రతి నాటకంలోనూ ఎవరో ఒకరు తమకు న్యాయంగా రావలసినదాని కోసం పట్టుబట్టి కూర్చుంటారు. అది ఒకచోట పాటకు రావలసిన డబ్బు, ఇంకొకచోట కూల్చబోయే ఇంటికి రావలసిన నష్టపరిహారం, మరొకచోట కంచెకు రంగు వేసినందుకు దుకాణదారు ఇస్తానన్న పంది తొడ మాంసం. ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కొక్క దశాబ్దానికి ఒక్కొక్క నాటకం చొప్పున రాసి, నల్లజాతి అమెరికన్ల నూరేళ్ల చరిత్రను రంగస్థలం మీదికి తెచ్చిన రచయితగా ఆయనను చెప్పుకోవడం రివాజు. ఆ మాట తప్పు కాదు గాని, ఆ చరిత్ర ఏ రూపంలో వచ్చిందో అది చెప్పదు. ఆయన నాటకాల్లో ఉద్యమ నాయకులు వేదిక ఎక్కరు. మాల్కం ఎక్స్ పేరు ఒక హోటలుకు చేరిన సభా ప్రకటనగా వస్తుంది, అంతే. వేదిక మీద ఉండేది పద్దు: ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి, ఆ కాగితం ఎవరి దగ్గర ఉంది, దాని మీద సంతకం ఎవరిది.

విల్సన్ 1945 ఏప్రిల్ 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ నగరంలో, హిల్ డిస్ట్రిక్ట్ అనే పేటలో పుట్టారు. అప్పటి పేరు ఫ్రెడరిక్ ఆగస్ట్ కిట్టెల్. తండ్రి యూరప్ నుంచి వలస వచ్చిన జర్మన్, రొట్టెలు కాల్చే పనివాడు. ఇంటి పట్టున ఉన్నది తక్కువ. తల్లి డెయిజీ విల్సన్ నార్త్ కరోలినా నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీ, ఇళ్లల్లో పాచిపని చేసి ఆరుగురు పిల్లలను పెంచింది. ఆ ఆరుగురిలో ఆయన నాలుగోవాడు. బెడ్‌ఫర్డ్ అవెన్యూలో ముందుభాగం కిరాణా దుకాణంగా ఉన్న భవనం వెనక గదుల్లో వారి కాపురం. తల్లి తరువాత డేవిడ్ బెడ్‌ఫర్డ్‌ను పెళ్లి చేసుకోవడంతో కుటుంబం, ప్రధానంగా తెల్లవారు ఉండే హేజిల్‌వుడ్ ప్రాంతానికి మారింది. అక్కడ వారి కిటికీల మీద ఇటుకలు పడ్డాయి.

చదువు మూడు బడులు మారింది. సెంట్రల్ కాథలిక్ హైస్కూలులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి విద్యార్థిగా వేధింపులు భరించలేక ఏడాదికే బయటికి వచ్చారు. వృత్తివిద్య నేర్పే బడి సంగతి కూడా అంతంతమాత్రమే. 1960లో గ్లాడ్‌స్టన్ హైస్కూలులో చదువుతూ నెపోలియన్ మీద ఇరవై పేజీల వ్యాసం రాసి ఇస్తే, ఇది నువ్వు రాసింది కాదని ఉపాధ్యాయుడు తేల్చేశాడు. పదిహేనేళ్ల కుర్రవాడు వాదించలేదు, నిరూపణకు ప్రయత్నించలేదు, బడి మానేశాడు. తల్లికి చెప్పలేక రోజూ బడికని బయలుదేరి కార్నెగీ గ్రంథాలయానికి వెళ్లి కూర్చునేవాడు. రాల్ఫ్ ఎల్లిసన్, రిచర్డ్ రైట్, లాంగ్‌స్టన్ హ్యూస్ వంటి నల్లజాతి రచయితలు ఆయనకు పరిచయమైంది గ్రంథాలయంలోనే. చాలా ఏళ్ల తరువాత అదే గ్రంథాలయం ఆయనకు గౌరవ హైస్కూలు పట్టా ఇచ్చింది. చేసిన పనికి చేసినవాడి పేరు దక్కకపోవడం అనేది ఆయన నాటకాల్లో పదేపదే తిరిగే గాయం. దాని మూలమంతా ఆ నెపోలియన్ వ్యాసంలోనే ఉందనడం అతి తేలికైన నిర్ధారణ అవుతుంది. అయితే ఆ అనుభవం ఆయన ఎన్నడూ మరవని అనుభవమన్నది మాత్రం ఆయన దాన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నారో చూస్తే తెలుస్తుంది.

1965 ఆయన జీవితంలో మలుపు. ఆ ఏడాది తండ్రి చనిపోయాడు. అక్క ఫ్రీడాకు కాలేజీ వ్యాసం ఒకటి రాసిపెట్టి, ఆమె ఇచ్చిన ఇరవై డాలర్లతో పాత టైపురైటరు కొన్నారు. తండ్రి ఇంటిపేరు వదిలి తల్లి ఇంటిపేరు స్వీకరించి ఆగస్ట్ విల్సన్ అయ్యారు. పాత గ్రామఫోన్ రికార్డుల మధ్య బెస్సీ స్మిత్ పాడిన బ్లూస్ పాట, అంటే నల్లజాతి అమెరికన్ల జానపద సంగీతపు పాట, ఒకటి దొరికి, దాన్ని పదేపదే పెట్టుకుని విన్నారు. అప్పటిదాకా హిల్ డిస్ట్రిక్ట్ అద్దె ఇళ్లలో తన చుట్టూ ఉన్న మనుషులను ఆయన చూశారు గాని, వారి మాటలో సాహిత్యం ఉందని అనుకోలేదు. ఆ పాట విన్నాక ఆ మనుషులకు తమదైన తత్త్వం, చరిత్ర, హుందాతనం ఉన్నాయని, వాటికి బ్లూసే గ్రంథమని ఆయనకు తోచింది. తన మీద ప్రభావం చూపినవాటిని ఆయన నాలుగుగా లెక్క చెప్పేవారు: బ్లూస్ సంగీతం, అర్జెంటీనా కథకుడు బోర్హెస్, కవి నాటకకర్త అమీరి బరాకా, చిత్రకారుడు రొమేర్ బేర్డెన్. నాలుగింటిలోనూ మొదటి స్థానం బ్లూస్‌దే.

అయినా నాటకకర్తగా ఆయన పండడానికి ఇంకా పదిహేనేళ్లు పట్టింది. ఆయన ముందు రాసింది కవిత్వం, అదీ వెల్ష్ కవి డిలన్ థామస్ ధోరణిలో, ఎవరికీ అంతుబట్టని పదబంధాలతో. 1968లో మిత్రుడు రాబ్ పెన్నీతో కలిసి బ్లాక్ హొరైజన్ అనే నాటక సంఘాన్ని స్థాపించి దర్శకత్వం చేశారు గాని, సంభాషణ రాయడం ఆయనకు చేతకాలేదు. పాత్రల చేత మాట్లాడించడం ఎలాగని పెన్నీని అడిగితే, మాట్లాడించకూడదు, వాళ్లు చెప్పేది వినాలి అని జవాబు వచ్చిందట. ఆ జవాబు ఆయనకు అర్థమైంది ఊరు విడిచాకే. 1978లో మినసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌కు మారి, అక్కడి సైన్స్ మ్యూజియం కోసం చిన్న చిన్న నాటికలు రాసే ఉద్యోగం చేశారు. నల్లజాతివారు చాలా తక్కువగా ఉండే ఆ చలి నగరంలో, పిట్స్‌బర్గ్ పొగాకు దుకాణంలోనూ హోటళ్లలోనూ తాను విన్న ముసలివాళ్ల మాటలు చెవిలో మోగడం మొదలైంది. అలా పుట్టిన తొలి గట్టి నాటకం 'జిట్నీ'. అనుమతులున్న టాక్సీలు హిల్ డిస్ట్రిక్ట్‌కు రామంటే, సొంత కార్లతో జనాన్ని చేరవేసే డ్రైవర్ల అడ్డా అందులో రంగస్థలం. వచ్చీపోయే ఫోన్లు, చదరంగం లాంటి ఆటలు, పంచాయితీలు, వాటి నడుమ జైలు నుంచి ఇరవై ఏళ్ల తరువాత తిరిగొచ్చిన కొడుకు, అతని మొహం చూడని తండ్రి బెకర్. ఈ అడ్డాను నగరపాలక సంస్థ మూసివేయబోతోందన్న వార్త నాటకమంతటా తలమీద వేలాడుతుంటుంది.

ఆ వార్త కల్పన కాదు. 1950లలో పట్టణ పునర్నిర్మాణం పేరుతో పిట్స్‌బర్గ్ నగరం లోయర్ హిల్ ప్రాంతాన్ని దాదాపుగా నేలమట్టం చేసింది. 95 ఎకరాల్లో సుమారు 8,000 మంది ఇళ్లు వదలవలసి వచ్చింది. 400కు పైగా దుకాణాలు, వ్యాపారాలు పోయాయి. ఆ స్థలంలో 1961లో సివిక్ ఎరీనా అనే పెద్ద క్రీడామందిరం తెరుచుకుంది, దాని చుట్టూ కార్లు నిలిపే మైదానాలు వచ్చాయి. విల్సన్ బాల్యం, కౌమారం గడిచింది ఈ కూల్చివేతల కాలంలోనే. పది నాటకాల్లో తొమ్మిది హిల్ డిస్ట్రిక్ట్‌లో జరుగుతాయి. అందువల్ల అవి ఒక పేట జ్ఞాపకాలన్న అభిప్రాయం కలగవచ్చు. నిజానికి అవి ఆ పేటను ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఎవరిని వెళ్లగొట్టారు అన్న విచారణకు దగ్గరగా ఉంటాయి.

హిల్ డిస్ట్రిక్ట్‌లో జరగని ఆ ఒక్క నాటకమే ఆయనకు పేరు తెచ్చింది. 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' 1927లో షికాగోలోని ఒక రికార్డింగ్ స్టూడియోలో నడుస్తుంది. మా రెయినీ నిజంగా జీవించిన బ్లూస్ గాయని. నాటకంలో ఆమె ఆలస్యంగా వస్తుంది, చల్లని కోకాకోలా తెచ్చేదాకా పాడనంటుంది, నత్తి ఉన్న మేనల్లుడి చేతనే పాట ముందు మాట చెప్పిస్తానంటుంది, అతనికి విడిగా డబ్బు ఇవ్వాలంటుంది. ఇదంతా గయ్యాళితనంగా కనిపిస్తుంది. ఆమె అసలు లెక్క వేరు. పాట రికార్డయ్యి హక్కుల కాగితం మీద తన సంతకం పడిన మరుక్షణం తెల్ల యజమానులకు తనతో పని ఉండదని ఆమెకు తెలుసు. సంతకం పెట్టనంతసేపే ఆమె రాణి. ఈ విద్య తెలియని యువకుడు లెవీ, తన పాటలను స్టూడియో యజమాని స్టర్డివాంట్‌కు ముందే ఇచ్చేశాడు. చివరికి పాటకు ఐదు డాలర్లు చేతిలో పడతాయి. యజమాని మీద చూపలేని కోపాన్ని, బూటు తొక్కాడన్న నెపంతో తోటి వాద్యకారుడి మీద చూపి అతన్ని పొడిచి చంపుతాడు. బాకీదారు ఒకడు, శిక్ష పడినవాడు మరొకడు. విల్సన్ నాటకాల్లో హింస చాలావరకు ఈ దారి తప్పిన వసూలే.

ఈ నాటకం రంగస్థలానికి చేరిన తీరు కూడా చెప్పుకోదగినది. కనెటికట్‌లోని యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్ ప్రతి వేసవిలో కొత్త నాటకకర్తల రచనలను ఎంపిక చేసి, చదివించి, సవరింపజేస్తుంది. విల్సన్ పంపిన రచనలను అది పలుమార్లు తిప్పి పంపింది. చివరికి 1982లో 'మా రెయినీ' ఎంపికైంది. ఆ సదస్సు సారథి లాయిడ్ రిచర్డ్స్, అదే సమయంలో యేల్ విశ్వవిద్యాలయపు నాటక విభాగానికి డీన్ కూడా. 1959లో నల్లజాతి రచయిత్రి లొరెయిన్ హాన్స్‌బెరీ నాటకాన్ని, న్యూయార్క్‌లోని పెద్ద వ్యాపార నాటకశాలల కేంద్రమైన బ్రాడ్వేకు తెచ్చిన దర్శకుడాయన. రిచర్డ్స్ 1984లో 'మా రెయినీ'ని ముందు ఆ విశ్వవిద్యాలయపు నాటక సంస్థ యేల్ రెపర్టరీలో, తరువాత బ్రాడ్వేలో ప్రదర్శించారు. న్యూయార్క్ నాటక విమర్శకుల బహుమతి ఆ నాటకానికే దక్కింది. బ్రాడ్వేలో అడుగుపెట్టేనాటికి విల్సన్‌కు 39 ఏళ్లు.

అప్పటి నుంచి ఇద్దరూ కలిసి ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. నాటకాన్ని యేల్‌లో మొదలుపెట్టి, నేరుగా బ్రాడ్వేకు తీసుకుపోకుండా, బోస్టన్, షికాగో, సియాటిల్, శాన్ డియాగో వంటి నగరాల్లోని లాభాపేక్ష లేని నాటక సంస్థల మీదుగా నడిపించేవారు. ఒక్కొక్క ఊళ్లో ఆడుతుంటే ప్రేక్షకులు ఎక్కడ కదులుతున్నారో, ఎక్కడ విసుగు పడుతున్నారో చూసి విల్సన్ తిరగరాసేవారు. ఖర్చు సంస్థల మధ్య పంచుకోబడేది. వ్యాపార నిర్మాత ఎవరూ తొలిరోజునే మూడు గంటల పైబడిన, అందరూ నల్లజాతి నటులే ఉన్న నాటకం మీద డబ్బు పెట్టే కాలం కాదది. ఆ ఏర్పాటు లేకపోతే ఈ నాటకాలు ఇంత నిడివితో, ఇంత ఓపికగా మిగిలేవి కావు. విల్సన్ ప్రతిభను పొగిడేవారు సాధారణంగా ఈ యంత్రాంగాన్ని ప్రస్తావించరు. ఆయన పేరున్న నాటకాల్లో ఇంచుమించు సగం రచన రిహార్సళ్లలోనే జరిగిందంటే అతిశయోక్తి కాదు.

ఆయన నాటకాల్లో ఎక్కువమంది చూసింది 'ఫెన్సెస్'. 1987లో బ్రాడ్వేకు వచ్చిన ఈ నాటకంలో ట్రాయ్ మాక్సన్ పాత్రను జేమ్స్ ఎర్ల్ జోన్స్ ధరించారు. పులిట్జర్ బహుమతి, టోనీ బహుమతి రెండూ వచ్చాయి. 525 ప్రదర్శనలు నడిచింది. ట్రాయ్ 1957లో పిట్స్‌బర్గ్‌లో చెత్తబండి మీద పనిచేసే 53 ఏళ్ల మనిషి. ఒకప్పుడు నల్లవారికి మాత్రమే ఉన్న బేస్‌బాల్ లీగుల్లో గొప్ప ఆటగాడు. 1947లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడికి పెద్ద లీగుల తలుపు తెరుచుకునేసరికి ట్రాయ్ వయసు దాటిపోయింది. తనకు అందని దానిని కొడుకుకూ అందనివ్వడు. ఫుట్‌బాల్ ఆడితే కాలేజీలో ఉచితంగా చదువుకునే అవకాశం కోరీకి వస్తే దాన్ని చెడగొడతాడు. ఇంతవరకు అందరూ చెప్పేదే. చాలామంది దాటవేసే అంశం ఇల్లు ఎక్కడినుంచి వచ్చిందన్నది. యుద్ధంలో తలకు గాయమై మతి చలించిన తమ్ముడు గేబ్రియల్‌కు ప్రభుత్వం ఇచ్చిన 3,000 డాలర్లతో ట్రాయ్ ఈ ఇల్లు కొన్నాడు. తెల్లవాళ్లే బండి తోలాలి, నల్లవాళ్లు చెత్త ఎత్తాలన్న పద్ధతిని ప్రశ్నించి తొలి నల్లజాతి డ్రైవరు అయిన అదే మనిషి, తమ్ముడికి బాకీ పడి ఉన్నాడు. ఆ సంగతి అతనికి తెలుసు. అది తెలిసినందువల్లే అతను అంత బిగ్గరగా మాట్లాడతాడు. విల్సన్ గొప్పతనం ఇక్కడ ఉంది: అన్యాయానికి గురైనవాడి పద్దు పుస్తకంలో అతను ఇతరులకు ఇవ్వవలసినది కూడా ఆయన దాచకుండా రాస్తారు.

బ్రాడ్వేకు వచ్చిన వరుసలో మూడో నాటకం 'జో టర్నర్స్ కమ్ అండ్ గాన్'. ఇది 1988లో బ్రాడ్వేకు వచ్చేనాటికి 'ఫెన్సెస్' ఇంకా ఆడుతూనే ఉంది. కాలం 1911, స్థలం ఒక భోజన వసతి గృహం. దక్షిణాదిలో బానిసత్వం రద్దయ్యాక కూడా నల్లవారిని ఏదో నేరం మోపి పట్టుకుని తోటల్లో వెట్టిచాకిరి చేయించే పద్ధతి ఉండేది. టెన్నెసీ గవర్నరు సోదరుడైన జో టర్నర్ చేతిలో ఏడేళ్లు అలా బందీగా ఉండి వచ్చిన హెరాల్డ్ లూమిస్, చిన్న కూతురి చేయి పట్టుకుని, తప్పిపోయిన భార్య కోసం తిరుగుతుంటాడు. ఆ ఏడేళ్ల లెక్క ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరని తెలిసిన నాటకం ఇది. అందుకే ముగింపులో లూమిస్ తన రొమ్ము తానే చీల్చుకుని, ఆ రక్తంతో మొహం కడుక్కుని, తనను తాను విడిపించుకుంటాడు. పదింటిలోనూ ఇదే తనకు ఇష్టమైనదని విల్సన్ చెప్పేవారు. ఆ తీర్పుతో విభేదించడం కష్టం.

'ద పియానో లెసన్' ఆయనకు 1990లో రెండో పులిట్జర్ తెచ్చింది. బేర్డెన్ చిత్రం ఒకటి దానికి ప్రేరణ. 1936లో పిట్స్‌బర్గ్‌లోని ఒక ఇంట్లో, పూర్వీకుల ముఖాలు చెక్కిన పియానో ఉంది. బానిసత్వ కాలంలో యజమాని సట్టర్, భార్యకు కానుకగా ఈ పియానో కొనడానికి డబ్బు లేక, ఒక తల్లిని, ఆమె తొమ్మిదేళ్ల కొడుకును 'ఒకటిన్నర' మనుషులుగా లెక్కగట్టి ఇచ్చేశాడు. వెనక మిగిలిపోయిన భర్త, వడ్రంగి, ఆ పియానో మీదే వారి రూపాలు చెక్కాడు. తరువాతి కాలంలో ఆ వడ్రంగి మనవడు ఆ పియానోను ఎత్తుకొచ్చి, అందుకు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ మనవడి కొడుకు బాయ్ విల్లీ దాన్ని అమ్మి, ఒకప్పుడు తమవారు బానిసలుగా దున్నిన సట్టర్ భూమినే కొందామంటాడు. అక్క బెర్నీస్ ససేమిరా అంటుంది. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది, విల్సన్ ఎవరి పక్షానా తూకం దించలేదు. అలా దించకపోవడమే నాటకానికి బలం. ముగించవలసి వచ్చినప్పుడు ఇబ్బందీ అదే అయింది. సట్టర్ దెయ్యాన్ని వదలగొట్టే సన్నివేశంతో ఆయన ముడి విప్పారు. అది రంగస్థలం మీద ఉద్వేగంగానే సాగుతుంది గాని, తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇవ్వదు. భూమి మాట ప్రేక్షకుడి చెవిలో మిగిలే ఉంటుంది.

ఇక 'టూ ట్రెయిన్స్ రన్నింగ్', 1969 నాటిది. బాకీ అన్న ఇతివృత్తం నూరు శాతం బయటపడిన నాటకం ఇదే. హోటలు యజమాని మెంఫిస్ భవనాన్ని నగరం కూల్చబోతోంది. తనకు 25,000 డాలర్లకు ఒక్క సెంటు తక్కువైనా కుదరదని అతని పట్టు. అతని వెనక ఒక కథ ఉంది: మిసిసిపీలో కొన్న పొలంలో అరవై అడుగులు బావి తవ్వి నీళ్లు పడేసరికి, నీళ్లు పడితే అమ్మకం చెల్లదన్న షరతు దస్తావేజులో ఉందని చెప్పి తెల్లవాళ్లు అతన్ని వెళ్లగొట్టారు. దస్తావేజు చదవడమంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. అదే హోటలుకు హాంబోన్ అనే మతి తప్పిన మనిషి రోజూ వస్తాడు. తొమ్మిదిన్నరేళ్ల కింద మాంసం దుకాణదారు లట్జ్ కంచెకు రంగు వేశాడు; పని బాగుంటే పంది తొడ ఇస్తానన్న లట్జ్, పని అయ్యాక కోడి తీసుకుపొమ్మన్నాడు. హాంబోన్ తీసుకోలేదు. ఆనాటి నుంచి అతని నోట ఒకటే మాట, తన పంది తొడ తనకు కావాలని. కోడితో సరిపెట్టుకున్నవాళ్లకంటే ఈ పిచ్చివాడికే బుద్ధి ఎక్కువేమోనని ఆ హోటల్లోనే ఒకరికి అనుమానం వస్తుంది. హాంబోన్ చనిపోయాక స్టెర్లింగ్ అనే యువకుడు దుకాణం అద్దం పగలగొట్టి, నెత్తురోడుతున్న చేతులతో పంది తొడ తెచ్చి శవపేటికలో పెట్టమంటాడు. మెంఫిస్‌కు నగరం 35,000 డాలర్లు ఇస్తుంది. పది నాటకాల్లో ఎవరికైనా అడిగినదానికంటే ఎక్కువ దక్కడం అరుదు. ఆ గెలుపు కూడా హోటలును కాపాడలేదు.

మిగతావాటిలోనూ కాగితాలే అడ్డం పడతాయి. 'సెవెన్ గిటార్స్'లో పాట జనాదరణ పొందినా గాయకుడు ఫ్లాయిడ్ బార్టన్‌కు ఒక్కసారి ఇచ్చిన మొత్తం తప్ప రాయల్టీ రాదు. 'కింగ్ హెడ్లీ ది సెకండ్'లో ఫొటోల కోసం రసీదు పట్టుకుని వెళ్లిన హెడ్లీకి ఆ రసీదు పనికిరాదంటారు.

శతాబ్దాన్ని నింపాలన్న పథకం మొదట్లో లేదు. మూడు నాలుగు నాటకాలు రాశాక, అవి వేర్వేరు దశాబ్దాల్లో ఉన్నాయని గమనించి మిగతావి పూరించడం మొదలుపెట్టారు. రాసిన వరుస వేరు, కాలక్రమం వేరు. చివరికి మిగిలినవి రెండు అంచులు: మొదటి దశాబ్దం, పదో దశాబ్దం. ఈ రెండింటినీ కలపడానికి ఆయనకు ఎస్తర్ అత్త అనే పాత్ర అక్కరకు వచ్చింది. 1904లో జరిగే 'జెమ్ ఆఫ్ ది ఓషన్'లో ఆమె వయసు 285 ఏళ్లు. వెనక్కి లెక్కిస్తే 1619, వర్జీనియా తీరానికి ఆఫ్రికన్లను తొలిసారి తెచ్చిన ఏడు. వైలీ అవెన్యూ, 1839 నంబరు ఇంట్లో ఆమె ఉంటుంది. మనసు బరువెక్కినవాళ్లు అక్కడికి వెళ్తారు. సిటిజన్ బార్లో అలాగే వస్తాడు. మిల్లులో బకెట్ నిండా మేకులు దొంగిలించింది అతనైతే, నింద పడిన మరో కార్మికుడు నేరం ఒప్పుకోవడం కన్నా నదిలో దూకి చావడమే మేలనుకున్నాడు. బార్లోను సముద్రం అడుగున ఉన్న ఎముకల నగరానికి ఊహాయాత్రగా పంపేటప్పుడు ఎస్తర్ అత్త అతని చేతికి ఒక కాగితపు పడవ ఇస్తుంది. తనను బానిసగా అమ్మిన నాటి క్రయపత్రాన్నే మడిచి ఆమె ఆ పడవ చేసింది. నాటకమాలలో ఇన్ని కాగితాలు మనుషులను బంధిస్తుంటే, ఈ ఒక్కటి ఒక మనిషిని ఒడ్డుకు చేర్చే సాధనమవుతుంది. విల్సన్ ఊహాశక్తి ఇంతకంటే ఎత్తుకు పోయిన చోటు మరొకటి లేదు.

1997లో జరిగే చివరి నాటకం 'రేడియో గోల్ఫ్'లో అదే ఇంటిని కూల్చి అపార్టుమెంట్లు, ఖరీదైన దుకాణాలు కట్టాలని చూసేది తెల్లవాడు కాదు. మేయరు పదవికి పోటీ చేయబోతున్న నల్లజాతి వ్యాపారి హార్మండ్ విల్క్స్. ఇంటిని తన సంస్థ చట్టప్రకారం కొనలేదని తెలిసినప్పుడు అతను ఆగుతాడు, భాగస్వామి రూజ్‌వెల్ట్ హిక్స్ ఆగడు. సంభాషణ ఇక్కడ కొంత పలచబడిందన్న విమర్శలో నిజం ఉంది. మధ్యతరగతి నోట విల్సన్‌కు బ్లూస్ పలకలేదు. అలాగే ఆయన స్త్రీ పాత్రలు, 'ఫెన్సెస్'లో ట్రాయ్ భార్య రోజ్, బెర్నీస్, ఎస్తర్ అత్తలను మినహాయిస్తే, మగవాళ్ల సుదీర్ఘ ప్రసంగాలను వినడానికే ఉన్నట్టుంటాయన్న ఫిర్యాదును కూడా తోసిపుచ్చలేము.

విల్సన్ వాదాలకు దిగడానికి వెనుకాడేవారు కాదు. 1996 జూన్‌లో ప్రిన్స్‌టన్‌లో అమెరికా నాటక సంస్థల సమావేశంలో ఆయన చేసిన ప్రసంగం పెద్ద దుమారం రేపింది. దేశంలోని ప్రధాన ప్రాంతీయ నాటక సంస్థల కూటమిలో 66 ఉంటే, వాటిలో నల్లజాతివారిది ఒక్కటేనని ఆయన ఎత్తిచూపారు. తెల్లవారి కోసం రాసిన పాత్రల్లో నల్లజాతి నటులను వేసి దాన్ని ఔదార్యంగా చూపే పద్ధతిని నిరాకరించారు. నల్లవారి కథలు నల్లవారి సంస్థల్లో పుట్టడానికి డబ్బు కావాలన్నారు. విమర్శకుడు రాబర్ట్ బ్రస్టీన్ దీన్ని వేర్పాటువాదమన్నారు. విల్సన్‌ను వెలుగులోకి తెచ్చిన యేల్ రెపర్టరీని స్థాపించింది ఈ బ్రస్టీనే కావడం విచిత్రం. 1997 జనవరిలో న్యూయార్క్ టౌన్ హాలులో ఇద్దరూ ముఖాముఖి వాదించుకున్నారు. తెల్లవారు నడిపే సంస్థల్లోనే ఎదిగిన రచయిత వాటిని తప్పుపట్టడం కృతఘ్నత అన్నవారున్నారు. నటులు, కథలు నల్లవారివై, భవనం, నిధి, నిర్ణయం ఇతరులవి అయినప్పుడు ఆ ఏర్పాటుకు 'మా రెయినీ' స్టూడియోతో ఉన్న పోలిక ఆయనకు కనిపించకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఈ పట్టుదల వల్ల ఆయనకు నష్టమూ కలిగింది. 'ఫెన్సెస్' చిత్ర హక్కులు అమ్ముడైనప్పుడు దర్శకుడు నల్లజాతివాడే కావాలని ఆయన షరతు పెట్టారు. ఆ సంస్కృతి లోపలినుంచి తెలిసినవారు కావాలన్నది ఆయన వాదన. సినిమా ఆయన జీవితకాలంలో రాలేదు. రిచర్డ్స్‌తో సాహచర్యం 1996 నాటి 'సెవెన్ గిటార్స్'తో ముగిసింది. తరువాతి నాటకాలకు మారియన్ మెక్లింటన్, ఆ తరువాత కెన్నీ లియోన్ దర్శకులయ్యారు. 1990 నుంచి సియాటిల్‌లో స్థిరపడిన విల్సన్‌కు 2005 వేసవిలో కాలేయ క్యాన్సర్ అని తేలింది. 'రేడియో గోల్ఫ్' అప్పటికే యేల్‌లో మొదలైంది. జబ్బు తెలిశాక కూడా దాన్ని సవరిస్తూనే ఉన్నారు. అక్టోబరు 2న, 60వ ఏట, కన్నుమూశారు. రెండు వారాలకు బ్రాడ్వేలోని వర్జీనియా థియేటరుకు ఆయన పేరు పెట్టారు; నల్లజాతి అమెరికన్ పేరుతో వెలిసిన తొలి బ్రాడ్వే థియేటరు అదే.

ఆయన పోయాక ఆ దర్శకుడి షరతు మళ్లీ పరీక్షకు వచ్చింది. 2009లో 'జో టర్నర్' బ్రాడ్వే పునఃప్రదర్శనకు, భార్య కాన్‌స్టాంజా రొమేరో అనుమతితో, తెల్లజాతి దర్శకుడు బార్ట్‌లెట్ షెర్‌ను ఎంచుకున్నారు. ప్రదర్శన ప్రశంసలందుకుంది, అధ్యక్షుడు ఒబామా దంపతులు వచ్చి చూశారు. ఆ అవకాశం తమకు ఎందుకు దక్కలేదని నల్లజాతి దర్శకులు అడిగారు; తెల్లజాతి రచయితల నాటకాలకు తమను ఎవరూ పిలవనప్పుడు ఉన్న ఒక్క తలుపూ అందరికీ తెరవడం సమానత్వం ఎలా అవుతుందన్నది వారి ప్రశ్న. ఆ తరువాత 2010లో 'ఫెన్సెస్'కు కెన్నీ లియోన్, 2017లో 'జిట్నీ'కి రూబెన్ శాంటియాగో హడ్సన్, 2022లో 'ద పియానో లెసన్'కు లటాన్యా రిచర్డ్‌సన్ జాక్సన్ బ్రాడ్వేలో దర్శకత్వం వహించారు. విల్సన్ నాటకాన్ని బ్రాడ్వేలో నడిపిన తొలి మహిళ ఆమే. 'జిట్నీ' రాకతో పది నాటకాలూ బ్రాడ్వే చూసినట్టయింది. డెన్‌జెల్ వాషింగ్టన్ స్వయంగా నటించి, దర్శకత్వం వహించిన 'ఫెన్సెస్' చిత్రం 2016లో విడుదలైంది. విల్సన్ తాను రాసి ఉంచిన స్క్రీన్‌ప్లేకు మరణానంతరం ఆస్కార్ నామినేషన్ వచ్చింది, రోజ్ పాత్రకు వయోలా డేవిస్ ఆస్కార్ గెలుచుకున్నారు. 2020లో 'మా రెయినీ' చిత్రానికి జార్జ్ సి. వుల్ఫ్, 2024లో 'ద పియానో లెసన్' చిత్రానికి మాల్కం వాషింగ్టన్ దర్శకులు. ఈ మూడు సినిమాలకూ నల్లజాతివారే దర్శకులు కావడం, మూడింటి నిర్మాణంలోనూ డెన్‌జెల్ వాషింగ్టన్ చేయి ఉండడం యాదృచ్ఛికం అనుకోనక్కర్లేదు. తన జీవితకాలంలో ఒక్క స్టూడియో చేత కూడా ఒప్పించలేకపోయిన షరతు, ఆయన వెళ్లిపోయిన పదకొండేళ్లకు ఒక నటుడి పూనికతో అమలులోకి వచ్చింది.